చేదోడు: తల్లి వచ్చింది

"మీ అమ్మ వచ్చిందటరా. చూసి రావాలి. కారు తియ్యి."

అనంతపద్మనాభం గారు ఇస్త్రీ పంచె కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, సోఫా అంచున కూర్చున్నారు. పేరుకి తగ్గట్టు రోజంతా పడక్కుర్చీలో శయనించే మనిషి, ఇవాళ పొద్దుట్నుంచి నడుం వాల్చలేదు.

"నాన్నగారూ, అమ్మ పోయి ఆరేళ్ళయింది," అన్నాడు ఫణిశ్రీనివాస్.

"నాకు తెలీదేట్రా? కొరివి పెట్టింది నువ్వే, పక్కన నిలబడింది నేనే. మరి నీ ఫోనెందుకలా చెప్పింది?"

ఊళ్ళో అందరి ప్రశ్నలకీ జవాబు చెప్పే యంత్రాన్ని పరిచయం చెయ్యడం ఫణి ఉద్యోగం. ఇంట్లో ప్రశ్నకి మాత్రం ఫోను ఛార్జింగు పెట్టడానికి లేచాడు.

నిన్న కాఫీల వేళ జరిగిందిది. ఆ యంత్రంలో చెల్లెలు గౌతమి పేరు కింద, అన్నగారిగా తన నంబరు తనే ఎక్కించుకున్నాడు ఫణి. ఆ ఫోనే టీపాయ్ మీంచి గొంతెత్తి, చక్కటి ఆడగొంతుతో చదివింది: "గౌతమి గారికి తొమ్మిదో నెల. గర్భిణి తల్లి లక్ష్మీసుందరి గారు ఇంటికి వచ్చారు. ఇంట్లో తోడు బాగుంది. ప్రమాదం లేదు. పచ్చచుక్క."

పచ్చచుక్క కాదది, పచ్చి అబద్ధం. కానీ ఎంత మర్యాదైన అబద్ధం! లక్ష్మీసుందరి 'గారు'ట. 'వచ్చారు'ట. ఆ మాట వినగానే పెద్దాయన పంచె మీద కాఫీ ఒలికి మరక పడింది. అంతే. ఇవాళ పొద్దున్న ఒకే ఒక్క మాట మొదలెట్టారు. కారు తియ్యి.

ఆ యంత్రం పేరు 'చేదోడు'. ఆశా కార్యకర్తలూ, నర్సులూ, అంగన్‌వాడీ టీచర్లూ, పింఛన్లు చూసేవాళ్ళూ ఇకమీదట రాసుకోనక్కర్లేదు. ఫోనుతో మాట్లాడితే చాలు. అదే వింటుంది, అదే రాస్తుంది, ఎవరింటికి ముందు వెళ్ళాలో ఎర్ర, పసుప్పచ్చ, పచ్చ చుక్కలు పెట్టి అదే చెబుతుంది. చోడవరం, రావికమతం, రోలుగుంట మండలాల సిబ్బంది అందరికీ దాని శిక్షణ ఇచ్చిందీ, ఇప్పుడు పైనుంచి పర్యవేక్షించేదీ ఫణే. శిక్షణలో ముందుండేది శిక్షేనని ఎవరూ అతనికి చెప్పలేదు.

వంటింటి గుమ్మంలోంచి అతని భార్య శ్రీదేవి వచ్చింది. ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్ళే చీర కట్టుకుని ఉంది గానీ, చేతిలో బ్యాగు లేదు.

"గౌతమి ఫోను ఇంకా స్విచ్చాఫేనండీ. దిలీప్ ఎత్తట్లేదు."

"చెరకు నరుకుతున్నారు కదా, పొలంలో ఉంటాడు."

"ఎంత చెరకైనా పెళ్ళాం నెలలు నిండిన మనిషి కదండీ. ఒక్కసారైనా ఎత్తరూ?"

"చేదోడు పచ్చచుక్క పెట్టింది శ్రీదేవీ. పెట్టిందంటే అన్నీ చూసే పెడుతుంది."

"చూసే పెట్టింది. చచ్చిపోయిన మా అత్తగార్ని కూడా చూసింది."

ఫణి లేచి ఫ్యాను వేగం పెంచాడు.

అనంతపద్మనాభం గారు చెప్పుల వంక చూసుకుంటూ అన్నారు. "అది నిజంగా వెళ్ళిందనుకో. చచ్చిపోయినావిడ వెళ్ళగలిగింది. బతికున్నవాణ్ణి, పదిహేను కిలోమీటర్లు, రెండేళ్ళయి నేను వెళ్ళలేకపోయేను."

రెండేళ్ళ కిందట గౌతమి రావికమతం పక్క పల్లెలో చెరకు రైతు కొడుకు దిలీప్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ గడప తొక్కనన్నారు తండ్రి. తొక్కలేదు. పట్టుదలని పట్టుపంచెలా మడతపెట్టి దాచుకున్నారు. విప్పి చూస్తే అదిప్పుడు చిరుగులు తప్ప మరేం కాదు.

"ఎవరు చెప్పేరో కనుక్కుంటాను," అన్నాడు ఫణి. "ఆ ఊరి ఆశా కార్యకర్త చిన్నతల్లని ఉంది. ట్రైనింగులో ముందు వరసలో కూర్చునేది. మంచి మనిషి."

స్పీకరు నొక్కాడు. అటునుంచి చిన్నతల్లి గొంతు గలగల్లాడింది.

"సెప్పండి సారూ! మీరే సెయ్యడం ఏటి, ఒక్క మిస్డ్‌కాల్ ఇస్తే నానే సేద్దును కదా!"

"చిన్నతల్లి గారూ, గౌతమి ఇంటికి వెళ్ళేరు కదా మొన్న. వాళ్ళమ్మగారు వచ్చేరని చెప్పేరట."

"అమ్మగారా? ఆవిడ లేరు కదా బాబూ, పాపం! నాను సెప్పింది తల్లి గురించి. తల్లి వొచ్చింది కదా ఆ ఇంటికి."

"ఏ తల్లి?"

"అదేటి బాబూ అలగడుగుతారు? తల్లే. గౌతమమ్మకే వొచ్చింది. ఒల్లంతా సల్లేసింది తల్లి." అటుపక్క ఆవిడ చెంపలు వేసుకున్న చప్పుడు ఫోన్లో వినబడింది.

అనంతపద్మనాభం గారు లేచి నిలబడ్డారు. శ్రీదేవి చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. ఇంకా అర్థంకానివాడు ఆ ఇంట్లో ఒక్కడే. అందరికీ అర్థమయ్యేలా చెప్పడం నేర్పే ఫణి.

"అమ్మోరు పోసిందిరా!" అన్నారు తండ్రి. "చెల్లికి అమ్మోరు పోసింది. ఆటలమ్మ!"

"చిన్నతల్లి గారూ," అన్నాడు ఫణి. "మరి ఫోనుకి ఆ రోగం పేరు చెప్పలేదే?"

"ఆ మాట ఆ ఇంట్లో నోటితో అంటారా బాబూ? లోపల తల్లి ఇంటంది కదా, కోప్పడదా? తల్లి వొచ్చింది అన్నాను. మీ సేదోడు తిరిగడిగింది కూడాను. 'తల్లి గారు వచ్చారా, నిజమేనా' అంది. ఎంత మరేదగా అడిగిందో! ఔనమ్మా వొచ్చేరు, అన్నాను. 'తల్లి గారికి ఏమైనా అవసరాలున్నాయా' అంది. యాపమండలు, పసుపునీల్లు ఉంటే సాలమ్మా, అన్నాను. దానికీ బక్తి ఉంది కామోసనుకున్నాను."

"చిన్నతల్లి గారూ..."

"మీరే సెప్పేరు కదా సారూ, మీ ఇంట్లో ఎలాగ మాటాడతారో అలాగే మాటాడండి, అదే అర్తం సేసుకుంటాది అని. అలాగే మాటాడేను. తప్పేటయినా జరిగిందా?"

"లేదు," అని ఫణి ఫోను కట్టేశాడు.

అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ చెప్పింది నిజం, యంత్రం విన్నది నిజం. మధ్యలో ఎక్కడో గౌతమి జారిపోయింది. సమాచారంలో ఆచారం ఉంటుందని ఫణి పాఠాల్లో ఎక్కడా లేదు.

"చిన్నప్పుడు గౌతమికి పోసిందా మావయ్యగారూ?" అని అడిగింది శ్రీదేవి.

"లేదమ్మా. వీడికి పోసినప్పుడు దాన్ని మా అక్కయ్యింటికి పంపించేసేం."

"నాకు చిన్నప్పుడే పోసింది. నేను లోపలికెళ్ళగలను." ఆమె ఫణి వైపు తిరిగింది. "నెలలు నిండాక పోస్తే ఊపిరితిత్తులకి ఎక్కుతుందండీ. బిడ్డకీ ప్రమాదమే. నర్సమ్మ వెళ్ళి చూసిందా?"

ఫణి ఫోను చూశాడు. చూసి, తల దించాడు.

"పచ్చచుక్క కదా. వచ్చేవారానికి తోసేసింది. ఇంట్లో తల్లి తోడుందని."

"అయితే అంబులెన్సుకి చెప్పండి. ఇప్పుడే. ఇక్కణ్ణించే."

"చూడకుండా ఎలా చెబుతాం? అంబులెన్సులు కూడా ఇప్పుడు చేదోడు చేతిలోనే ఉన్నాయి, ఎర్రచుక్క ఉంటేనే కదుల్తాయి. పచ్చని ఎరుపు చేస్తే పైవాళ్ళందరికీ వెళ్తుంది. ఎక్కడ పొరపాటని అడుగుతారు. మూడు మండలాల్లోనూ చేదోడునే ఆపేస్తారు. ముందు వెళ్ళి చూద్దాం. మామూలుగా ఉంటే మనమే మెల్లిగా దిద్దుకోవచ్చు."

శ్రీదేవి అతన్ని చూసింది. చేదోడా ఇది? చేదుతోడు, అనుకుంది. అనుకున్నది యంత్రం గురించో, మొగుడి గురించో ఆమె తేల్చుకోలేదు.

"తాళాలు తియ్యరా," అన్నారు తండ్రి.

*

చోడవరం దాటేక రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు. ఒక్కొక్కటీ కాటా దగ్గర వరసకి తొందరపడుతూ, రోడ్డుకి అడ్డంగా ఊగుతూ, వెనకవాణ్ణి ముందుకి పోనివ్వవు. ఫణి హారన్ కొట్టాడు. ట్రాక్టరు మీద కూర్చున్నవాడు వెనక్కి తిరిగి చూసి చెరకు గెడ ఒకటి విరిచి నమలసాగాడు.

శ్రీదేవి రెండుసార్లు గౌతమికి ఫోన్ చేసింది. రెండుసార్లూ స్విచ్చాఫ్ అని చెప్పిన గొంతు కూడా ఆడగొంతే, మర్యాదగొంతే. అనంతపద్మనాభం గారు ఆ గొంతు వింటూ కిటికీ అద్దం పైకి ఎక్కించేశారు.

ఊళ్ళోకి మలుపు తిరిగేసరికి ఇల్లు దూరం నుంచే తెలిసిపోయింది. గుమ్మానికి వేపమండలు. గడపకి పసుపు. వాకిట్లో ఒక్క చెప్పుల జతా లేదు. మిట్టమధ్యాహ్నం, ఆ ఇంటి పొయ్యి మీంచి తాలింపు వాసన రావట్లేదు. తల్లి ఉన్న ఇంట్లో నూనె కాచరు. ఆ వాసన లేకపోవడంతోనే ఫణికి ముందుగా భయం వేసింది.

అరుగు మీద గౌతమి అత్తగారు అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. కారు చూసి లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచింది.

"ఆగండి బాబూ. బయటోల్లు లోపలికి రాకూడదు. తల్లికి ఇంకా నీల్లు పొయ్యలేదు. ఆదివారం పోస్తాం. అప్పుడు రండి."

"అచ్చియ్యమ్మ గారూ, గౌతమికి ఎలా ఉంది?" అంది శ్రీదేవి.

"తల్లి ఆడతంది. ఒల్లు కాల్తంది. రాత్తిరంతా దగ్గు. పొద్దున్నించి మాట తగ్గింది. తల్లి దయ."

"ఫోనెందుకు కట్టేసేరు?"

"గంటలు మోగితే తల్లికి ఇరిటేసన్ కదమ్మా."

"ఆస్పత్రికి..."

"ఇంజీసన్లా! తల్లి ఒంటి మీద సూదులు గుచ్చుతారా? మా ఆడపడుచుకి పోసినప్పుడు ఎవులు ఏం ఇచ్చేరు? యాపాకే కదా."

ఫణి ముందుకొచ్చాడు. "అత్తమ్మా, ఒక్కసారి ఈ యాప్‌లో చూడండి, నెలల మనిషికి ఇలాగైతే ఏటి చెయ్యాలని రాసుందో..."

"నీ యాపు నువ్వే ఉంచుకో బాబూ. మాకు యాప సాలు."

మామూలు రోజైతే ఈ మాటకి ఫణి నవ్వేవాడు, పదిమందికి చెప్పుకునేవాడు. ఇవాళ లోపల్నుంచి దగ్గు వినబడింది. దగ్గు కాదది. ఊపిరి దొరక్క ఎవరో గోడని గోకుతున్నట్టు ఉంది.

అనంతపద్మనాభం గారు చెప్పులు విప్పి, వాకిట్లో ఎండలో నిలబడ్డారు.

అచ్చియ్యమ్మ ఆయన్ని అప్పుడు చూసింది. చూసి, కళ్ళు చికిలించింది.

"వియ్యంకుడు గారా? పెల్లికి రానేదు. సీమంతానికి రానేదు. అన్నిసార్లు మా గుంటడు దిలీపే వొచ్చి పిలిసేడు. ఇప్పుడు తల్లి వొచ్చినాకా దారి తెలిసిందా బాబూ మా ఇంటికి?"

"మాయావిడ వచ్చిందని చెప్పేరమ్మా," అన్నారాయన. "అందుకొచ్చేను."

అచ్చియ్యమ్మ చాచిన చేతులు కాస్త కిందకి దిగాయి.

"అది లేదని నాకు తెలుసును. అయినా వచ్చేను. అచ్చియ్యమ్మ గారూ, తల్లికి కోపం వస్తే నా మీద రానియ్యండి. గడప దాటించిన పాపం నాది. మీ ఇంటి మీద కాదు, మీ అబ్బాయి మీద కాదు, నా మీదే రాయమని మీరే చెప్పండి తల్లికి. నేను ఇక్కడే, ఈ వాకిట్లోనే నిలబడతాను."

ఎండ మండుతోంది. ఆయన కాళ్ళు కాలుతున్నాయని అందరికీ కనిపిస్తోంది.

చాలాసేపటికి అచ్చియ్యమ్మ పక్కకి జరిగింది. "ఆడకూతుర్నొక్కత్తినే పంపండి," అంది, మొహం తిప్పుకుని. "కాల్లు కడుక్కుని."

శ్రీదేవి లోపలికి వెళ్ళింది.

వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చింది.

"పెదాలు నీలంగా అయిపోయేయండీ. ఊపిరి అందట్లేదు. నన్ను గుర్తుపట్టలేదు. కార్లో కుదరదు, దార్లో... ఆక్సిజన్ ఉన్న బండి కావాలి. ఇప్పుడు కావాలి. ఇంట్లోనే చెప్పమన్నాను కదండీ మీకు!"

ఆ చివరి మాట ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

ఫణి ఫోను తీసి, వాకిలి చివరికి, పశువుల పాక దాకా నడిచాడు.

"చేదోడూ. గౌతమి కేసు. ఎర్రచుక్క పెట్టు. వెంటనే."

"తప్పకుండా ఫణిశ్రీనివాస్ గారూ. గౌతమి గారి తల్లి ఇంట్లో తోడున్నారని ఉంది. అది మార్చమంటారా?"

"లేదు! తల్లి లేదు! అది చికెన్‌పాక్స్! వింటున్నావా, చికెన్‌పాక్స్!"

అరుగు మీద అచ్చియ్యమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అర్థమైంది. మార్చాను. ఎర్రచుక్క. ఆక్సిజన్ ఉన్న వాహనం కావాలా?"

"కావాలి."

"ఈ చుట్టుపక్కల అలాంటి వాహనం ప్రస్తుతం ఒక్కటే ఉంది. అది రోలుగుంట వైపు బయల్దేరింది. రెండోది చాలా దూరంలో ఉంది."

"రోలుగుంట కేసేంటి?"

"అది కూడా ఎర్రచుక్కే. పర్యవేక్షకుడిగా వాహనం మళ్ళించే అధికారం మీకుంది. ముందుగా ఆ కేసు వివరాలు వినిపించమంటారా?"

పాకలో ఆవు తోక విసిరింది. లోపల్నుంచి మళ్ళీ ఆ చప్పుడు. వాకిట్లో తండ్రి ఒక కాలు మార్చి ఇంకో కాలి మీద బరువు వేసుకుంటున్నారు. శ్రీదేవి గుమ్మంలో నిలబడి ఇటే చూస్తోంది గానీ, అరిస్తే తప్ప అంత దూరానికి మాటలు వినబడవు.

"వివరాలు వినిపించమంటారా?" అని మళ్ళీ అడిగింది చేదోడు, అంతే మర్యాదగా.

"వద్దు," అన్నాడు ఫణి. "మళ్ళించు."

"మళ్ళించాను."

ఇంత చిన్న మాటా? తిరిగి అడుగుతుందేమో, నిజమేనా అంటుందేమో అని అతను ఒక్క క్షణం ఆగాడు. అడగలేదు.

*

బండి తొందరగానే వచ్చింది. సైరను విని వీధంతా అరుగుల మీదకి చేరింది. పొలం నుంచి దిలీప్ పరిగెత్తుకొచ్చాడు, ఒంటి నిండా చెరకు ఆకు గీతలు. గౌతమిని స్ట్రెచర్ మీద ఎక్కించి, మాస్కు పెట్టి, శ్రీదేవి పక్కనే కూర్చుంది. కాసేపటికి గౌతమి వేళ్ళు కదిలాయి. అది చూసి అనంతపద్మనాభం గారు బండి తలుపు పట్టుకుని ఏడ్చేశారు.

"నాన్నా ఫణీ, నీ ఫోను బతికించిందిరా దాన్ని! తిట్టుకున్నాను, తప్పు నాదే."

ఫణి నేల చూస్తున్నాడు.

డ్రైవరు ఇంకో సిలిండరు లోపల సర్ది, తలుపు వెయ్యబోతూ, మామూలుగా అన్నాడు: "మీ అదురుష్టం బావుంది మేడం. రోలుగుంట దరిదాపులకి పోయేం. ఇంకో రెండు మలుపులు తిరిగుంటే ఆ ఇంటికాడే ఉందుం. తిప్పమని వొచ్చింది, తిప్పేసేం."

శ్రీదేవి చెయ్యి గౌతమి నాడి మీద ఆగింది.

"ఎవరు తిప్పమన్నారు?"

"ఎవులో ఆఫీసరు మేడం. మాకు పేరు రాదు. బాణం గుర్తు తిరుగుద్ది, మేం తిరుగుతాం. ఆ ఇంటోలు రోడ్డు మీదకొచ్చి నిలబడ్డారు పాపం, సైరను ఇనబడతంది అని కూడా అన్నారు ఫోన్లో."

"అక్కడ ఏం కేసు?"

"కానుపే అనుకుంటాను మేడం."

శ్రీదేవి తలెత్తి భర్త వైపు చూసింది. ఇంట్లో ఫ్యాను కింద చూసిన చూపు కాదది. అప్పుడు కోపం ఉంది. ఇప్పుడు ఏమీ లేదు.

"ఏమండీ?" అంది.

మాటలతో ఆడుకునే మనిషికి, మాటలు అమ్ముకునే మనిషికి, ఒక్క 'ఔను' దొరకలేదు. ఔనని అనకపోవడమే ఆమెకి జవాబైంది.

తలుపు మూసుకుంది. బండి దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది. దిలీప్ మోటారు సైకిలెక్కి వెనకాల వెళ్ళిపోయాడు. వీధిలో జనం మెల్లగా లోపలికి జరిగారు. అచ్చియ్యమ్మ గడప మీద కొత్తగా పసుపు రాస్తోంది, తల ఎత్తకుండా.

తండ్రి వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. "పదరా. ఆస్పత్రికి పోదాం. ఏటలా నిలబడిపోయేవు?"

ఫణి జేబులో ఫోను మోగింది.

"ఫణిశ్రీనివాస్ గారూ," అంది చేదోడు. "వాహనం సంగతి చూసే అధికారితో మాట్లాడాలని రోలుగుంట నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. అక్కడి గర్భిణి భర్త. బండి ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నారు."